వేలాడే పైపుకి జింకు కాపలా

క్లాంపు, రాడ్డు, నట్టు, చానెల్... హార్డ్‌వేర్ దుకాణంలో అన్నింటినీ 'జీఐ' అనే అమ్ముతారు. వాటిలో ఒకటి రెండేళ్లకే తుప్పు పడుతుంది, ఇంకొకటి ఇరవై ఏళ్లు నిలుస్తుంది. తేడా అంతా మీదున్న జింకు మందంలో, దాన్ని ఎక్కించిన పద్ధతిలో ఉంది.

అపార్ట్‌మెంటు సెల్లారులో పైకప్పుకి వేలాడే ఎర్రరంగు పైపులు మంటలార్పే నీళ్లవి. వాటిలో నాలుగంగుళాల ఇనుప పైపును లెక్కలోకి తీసుకుందాం. మీటరు పైపు బరువు సుమారు 12 కిలోలు. అందులో నిండిన నీళ్లు ఇంకో ఎనిమిదిన్నర కిలోల పైమాటే. మూడు మీటర్లకో క్లాంపు చొప్పున వేలాడదీస్తే ఒక్కో క్లాంపు మీద అరవై కిలోలకు మించిన బరువు రాత్రీ పగలూ ఉంటుంది. ఆ కింద కార్లుంటాయి, పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు.

అందుకే ఈ చిన్న సామాను విషయంలో ఇంజినీర్ల లెక్క చాలా కటువుగా ఉంటుంది. ఫైర్ స్ప్రింక్లర్లకి ప్రపంచంలో చాలాచోట్ల అనుసరించే అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రకారం, పైపును మోసే హ్యాంగర్ నీళ్లతో నిండిన పైపు బరువుకి ఐదు రెట్లు, దాని మీద ఇంకో 250 పౌండ్లు మోయగలగాలి. 250 పౌండ్లంటే సుమారు 113 కిలోలు. మన నాలుగంగుళాల పైపుకి కడితే ఒక్కో హ్యాంగర్ 420 కిలోలకు పైగా తట్టుకోవాలన్నమాట. కొత్త రాడ్డుకి ఇదొక బరువే కాదు. మామూలు మెత్తని ఉక్కుతో చేసిన పది మిల్లీమీటర్ల మరరాడ్డును తెంచాలంటే రెండు టన్నులకు పైగా లాగాలి.

చిక్కల్లా ఆ రాడ్డు కొత్తగా ఉండిపోకపోవడమే. రాడ్డు పొడవునా మరలుంటాయి. మర లోయల్లో తేమ నిలుస్తుంది, దుమ్ము చేరుతుంది. రాడ్డు పైకప్పులోని యాంకర్‌లోకి దూరే చోట అసలు ఎవరి చూపూ పడదు. తుప్పు మొదలయ్యేది కూడా తరచుగా అక్కడే. కింద క్లాంపు మెరుస్తూనే ఉంటుంది, పైన రాడ్డు సన్నబడుతూ ఉంటుంది. దాన్ని ఆపడానికి మనం పెట్టుకున్న ఒకే ఒక కాపలా మైక్రాన్లలో కొలిచే జింకు పొర. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

'అన్నీ జీఐనే సార్'

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పైపు సామాను అమ్మే ఏ దుకాణం ముందు నిలబడ్డా ఈ మాట వినిపిస్తుంది.

"అన్నా, పది ఎంఎం థ్రెడ్ రాడ్ కావాలి. జీఐ."

"ఇదే సార్ జీఐ. మూడు మీటర్లది."

"హాట్ డిప్పా, ప్లేటింగా?"

"అన్నీ జీఐనే సార్. అందరూ ఇదే తీసుకుపోతరు."

దుకాణదారు అబద్ధం చెప్పడం లేదు. జీఐ అంటే జింకు పూసిన ఇనుము. ఆయన చేతిలోని రాడ్డు మీద జింకు ఉంది. ఎంత ఉంది, ఎలా ఎక్కించారు అనే రెండు సంగతులు ఆ రెండక్షరాల్లో లేవు. ఇల్లు కట్టుకునేవాళ్లూ, అపార్ట్‌మెంటు సంఘాలవాళ్లూ, ఆఖరికి కొందరు కాంట్రాక్టర్లూ దెబ్బతినేది అక్కడే.

బజారులో దొరికే వేలాడదీసే సామానులో ప్రధానంగా మూడు రకాల పూత ఉంటుంది. మొదటిది ఎలక్ట్రోప్లేటింగ్. జింకు లవణాలు కరిగించిన ద్రావణంలో సామాను ముంచి కరెంటు పంపిస్తే జింకు పల్చగా, నున్నగా పేరుకుంటుంది. మందం మామూలుగా 5 నుంచి 12 మైక్రాన్లు. దాని మీద పాసివేషన్ అనే రసాయన పూత వేస్తారు. నీలిఛాయ తెలుపు, లేదా ఇంద్రధనుస్సు మెరుపులున్న పసుపు రంగు దాని వల్లే వస్తాయి. దుకాణంలో అందంగా కనిపించేది ఇదే. పసుపురంగు సామాను తెల్లదాని కంటే గట్టిదని చాలామంది నమ్మకం. పసుపు క్రోమేటు పూత తుప్పును ఇంకొన్నాళ్లు వెనక్కి నెట్టే మాట నిజమే. అడుగున ఉన్న జింకు మాత్రం అంతే పల్చన.

రెండోది ప్రీ-గాల్వనైజ్డ్. ఉక్కు కర్మాగారంలోనే పొడవాటి రేకును కరిగిన జింకు గుండా లాగి చుట్టలు చుడతారు. ఆ రేకును కోసి, వంచి, చిల్లులు కొట్టి చానెళ్లూ క్లాంపులూ చేస్తారు. చుట్ట మీద '275' అని ఉంటే చదరపు మీటరు రేకుకి రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు ఉందని అర్థం. ఒక్కో వైపుకి లెక్కేస్తే సుమారు 19 మైక్రాన్లు. ఇలాంటి రేకులకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 277. పైకి అంతా సమంగా, శుభ్రంగా ఉంటుంది. కానీ కోసిన అంచునా, కొట్టిన ప్రతి చిల్లు చుట్టూ పచ్చి ఇనుమే బయటికి కనిపిస్తుంది.

మూడోది హాట్ డిప్. సామాను పూర్తిగా తయారయ్యాక, కోతలూ చిల్లులూ వెల్డింగులూ అన్నీ అయిపోయాక, దాన్ని తీసుకెళ్లి కరిగిన జింకులో ముంచుతారు. అంచుల మీదా చిల్లుల లోపలా ఒకేలా పూత పడుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 1461 ప్రకారం ఆరు మిల్లీమీటర్లకు మించి మందమున్న ఉక్కు మీద సగటున 85 మైక్రాన్లు, మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల దాని మీద 70 మైక్రాన్లు ఉండాలి. మరలున్న సామానును ముంచి తీశాక గిరగిరా తిప్పి అదనపు జింకు వదిలిస్తారు కాబట్టి ఆరు మిల్లీమీటర్లు మించిన వ్యాసం ఉన్నవాటికి 50 మైక్రాన్లు చాలంటారు. మన దగ్గర కట్టడాల ఉక్కుకి ఐఎస్ 4759, నట్లూ బోల్టులకి ఐఎస్ 5358 ఉన్నాయి.

ఎనిమిది మైక్రాన్ల రాడ్డూ జీఐయే, యాభై మైక్రాన్ల రాడ్డూ జీఐయే. ఆరు రెట్ల తేడా ఉన్న రెండు వస్తువుల్ని ఒకే పేరుతో, ఒకే బల్ల మీద అమ్మడం కొనేవాడికి అన్యాయమని నా గట్టి అభిప్రాయం. బిల్లు మీద 'జీఐ' అని ఊరుకోకుండా పూత రకం, మందం రాయాలనే నియమం రావాలి. అది వచ్చేదాకా అడగాల్సింది కొనేవాళ్లే.

గీత పడ్డా కాచేది ఎందుకంటే

ఇనుము మీద రంగు వేసినా తుప్పు ఆగుతుంది. ఆ రంగు మీద గీత పడితే ఆ గీతలోంచి తుప్పు దూరి, రంగు కింద పాకి, పెచ్చులు పెచ్చులుగా లేపేస్తుంది. జింకు అలా కాదు. గీత పడి ఇనుము బయటపడినా, పక్కనున్న జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాస్తుంది. ఇంటి అప్పు మొత్తం తన నెత్తిన వేసుకుని తమ్ముళ్లను ఒడ్డెక్కించే పెద్దకొడుకు లాంటిది అది.

దీని వెనక ఉన్నది విద్యుత్తు. రెండు లోహాలు ఒకదానికొకటి తగిలి, వాటి మీద తేమ చేరితే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. ఆ బ్యాటరీలో ఏ లోహం ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుతుందో అదే తినబడుతుంది. ఇనుము కంటే జింకు తేలిగ్గా వదులుతుంది. తగరం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. తగరం పూసిన ఇనుప డబ్బా మీద గీత పడితే ఇనుమే ముందు తినబడుతుంది. పూత ఏ లోహమన్నది అంత ముఖ్యం.

జింకుకి ఇంకో గుణం కూడా ఉంది. గాలి తగలగానే దాని మీద ఆక్సైడు, తడి తగిలితే హైడ్రాక్సైడు ఏర్పడతాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి క్రమంగా అది గట్టి కార్బొనేటు పొరగా మారుతుంది. కొత్త జీఐ కొన్ని నెలలకి మెరుపు తగ్గి బూడిదరంగుకి తిరగడం మంచి లక్షణమే. తడవడం, ఆరడం జరిగే చోట ఈ పొర బాగా కడుతుంది. గాలాడకుండా తడి నిలిచిపోయే చోట అది కట్టే అవకాశమే ఉండదు. అప్పుడు తెల్లని సున్నపు పొడిలాంటిది లేస్తుంది. దాన్నే వైట్ రస్ట్ అంటారు. సైటుకి వచ్చిన కట్టలను టార్పాలిన్ కప్పి వానలో వదిలేస్తే జరిగేది ఇదే. సామాను వాడకముందే కొంత జింకు అలా పోతుంది. కట్టలను నేలకు ఎడంగా, కాస్త వాలుగా, మధ్యలో చెక్కముక్కలు పెట్టి నిలవ చేస్తే ఆ నష్టం ఉండదు.

జావర్ నుంచి పారిస్ దాకా

కరిగిన జింకులో ఇనుమును ముంచితే పూత పడుతుందని ఫ్రాన్స్‌లో 1742లోనే పాల్ జాక్ మలువాఁ అనే రసాయనవేత్త అక్కడి రాయల్ అకాడమీకి వివరించాడు. ఇనుమును ముందుగా ఆమ్లంతో శుభ్రం చేసి జింకులో ముంచే పద్ధతికి 1837లో పేటెంటు తీసుకున్నది మరో ఫ్రెంచివాడు, స్టానిస్లాస్ సోరెల్. ఇవాళ్టి కర్మాగారాల పద్ధతి మౌలికంగా సోరెల్‌దే.

అయితే జింకును ముందుగా పెద్ద ఎత్తున తీసింది మన దేశంలో. జింకు ఖనిజం నుంచి లోహాన్ని రాబట్టడం ఇనుము, రాగి తీసినంత తేలిక కాదు. ఖనిజాన్ని బొగ్గుతో కలిపి వేడిచేస్తే లోహం విడిపోయేసరికి వేడి వెయ్యి డిగ్రీల దగ్గరికి చేరుతుంది. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. కొలిమిలోంచి లోహం కిందికి కారడానికి బదులు పొగై గాలిలో కలిసిపోతుంది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి జావర్ పనివాళ్లు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేసి, వాటిని తలకిందులుగా కొలిమిలో నిలబెట్టి, మూతి కిందున్న చల్లని అరలోకి వచ్చేట్టు అమర్చారు. ఆవిరి పైకి పోయే దారిలేక కిందికి దిగి, చల్లబడి, బొట్లుబొట్లుగా లోహమై రాలేది. ఒక్కో కొలిమిలో 36 మూసలు. 1980లలో బ్రిటిష్ మ్యూజియం, బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం, హిందుస్థాన్ జింక్ సంస్థ కలిసి జరిపిన తవ్వకాల్లో ఈ కొలుములు బయటపడ్డాయి. వంకాయ మూస వర్ణన మన రసశాస్త్ర గ్రంథం 'రసరత్నసముచ్చయం'లో ఉంది.

మనకు దగ్గర్లోనే ఇంకో సాక్ష్యం. సాలార్జంగ్ మ్యూజియంలో బిద్రీ హుక్కాలూ పళ్లేలూ చూసినవాళ్లు వాటి నల్లదనాన్నీ వెండి తీగల నగిషీనీ మర్చిపోలేరు. ఆ నల్లని లోహంలో అధికభాగం జింకే. కొద్దిగా రాగి కలుపుతారు. బీదర్ కోటలోని మట్టినీ నవాసారాన్నీ కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. ఆ నవాసారమే, అంటే అమ్మోనియం క్లోరైడే, ఇవాళ పైపు క్లాంపులకు జింకు పట్టించే ఫ్లక్స్‌లోనూ ఉంటుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు నిప్పు మీద గిన్నెలో చల్లే తెల్లపొడి కూడా అదే. లోహం ఒంటి మీది మలినాన్ని ఊడ్చి, కొత్త లోహం అంటుకునేట్టు చేయడం దాని పని.

నాలుగొందల యాభై డిగ్రీల తొట్టి

హాట్ డిప్ కర్మాగారంలో జింకు తొట్టి కంటే ముందు వరసగా ఇంకొన్ని తొట్లుంటాయి. మొదట కాస్టిక్ ద్రావణంలో ముంచి నూనె, జిడ్డు తీసేస్తారు. తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లం తుప్పునూ, ఉక్కు మీద పట్టిన నల్లని పొరనూ తినేస్తుంది. నీళ్లలో కడిగి, ఫ్లక్స్‌లో ముంచి, ఆరబెడతారు. ఈ వరసలో ఏ ఒక్క చోట బద్ధకించినా పూత నిలవదు. ఫ్లక్స్ అందని చోట నల్లమచ్చ మిగిలిపోతుంది.

జింకు సుమారు 420 డిగ్రీలకు కరుగుతుంది. తొట్టిని 450 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పైన తేలే బూడిదను పొడవాటి గరిటెలతో పక్కకు నెట్టి, వెండిలా మెరిసే ద్రవంలోకి సామానును దించుతారు. చుయ్యిమనే శబ్దం, తెల్లని పొగ, చిటపటలు. బోలుగా ఉండి గాలి పోయే చిల్లు లేని వస్తువును ముంచితే లోపలి తేమ ఆవిరై అది పేలిపోతుంది. అందుకే గొట్టపు ఆధారాలకు ముందే చిల్లులు పెట్టి పంపాలి. కొన్ని నిమిషాలుంచి, మళ్లీ బూడిద నెట్టి, నెమ్మదిగా పైకి తీస్తారు.

ఆ కొన్ని నిమిషాల్లో జరిగేది కేవలం పూత పూయడం కాదు. జింకూ ఇనుమూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి మిశ్రలోహపు పొరలు కడతాయి. లోపలి పొరల్లో ఇనుము పాలు ఎక్కువ, బయటికి వచ్చేకొద్దీ తగ్గుతుంది, అన్నిటికంటే పైన దాదాపు శుద్ధమైన జింకు. మధ్య పొరలు కొన్ని అడుగునున్న ఉక్కు కంటే గట్టివి. పైనున్న మెత్తని జింకు దెబ్బను ఓర్చుకుంటుంది, లోపలి గట్టిపొర రాపిడిని ఓర్చుకుంటుంది. ప్లేటింగ్‌లో ఈ కలయిక ఉండదు, జింకు పైన అంటుకుని ఉంటుంది, అంతే. ఉక్కులో సిలికాన్ ఎక్కువైతే ఈ పొరలు మరీ వేగంగా పెరిగి, సామాను మెరుపు లేకుండా ముదురు బూడిదరంగులో బయటికొస్తుంది. దాన్ని చూసి నాసిరకమని తిరగ్గొట్టడం తప్పు. మెరుపు తక్కువైనా పూత మందంగానే ఉంటుంది.

ఇంత మంచిదైతే రాణిగంజ్‌లో అందరూ ప్లేటింగ్ రాడ్డే ఎందుకు తీసుకుపోతారు? ధర ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం నట్టు. రాడ్డు మరల మీద యాభై మైక్రాన్ల జింకు చేరితే మామూలు నట్టు ఎక్కదు. హాట్ డిప్ రాడ్డుకి లోపలి మర కాస్త వదులుగా కోసిన నట్టు వేరే కావాలి. ఆ నట్టు లోపలి మరకు పూత ఉండదు. రాడ్డు మీది జింకే దాన్నీ కాస్తుంది. ఈ సంగతి తెలియకుండా రాడ్డు ఒక చోట, నట్లు ఇంకో చోట కొంటే సైటులో నట్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. పని ఆగకూడదు. ప్లంబరు డై తెచ్చి రాడ్డు మీద మళ్లీ మర కోస్తాడు. వెండిరంగు తురుము నేల మీద రాలుతుంది. డబ్బు పోసి కొన్న జింకు అది. కింద మిగిలిన పచ్చి ఇనుప మర ప్లేటింగ్ రాడ్డు కంటే హీనం. ప్లంబరును తప్పుపట్టి లాభం లేదు. రాడ్డూ నట్టూ వాషరూ ఒక జతగా, ఒకే చోట నుంచి ఆర్డరివ్వని వాళ్లది ఆ తప్పు.

ఏ గాలికి ఎంత జింకు

జింకు ఎన్నాళ్లుంటుందో చెప్పే లెక్క చిన్నది. మందాన్ని ఏటా కరిగే మందంతో భాగించాలి. ఎంత కరుగుతుందన్నది గాలిని బట్టి ఉంటుంది. ఐఎస్‌ఓ 9223 ప్రమాణం గాలిని తరగతులుగా విడదీసింది. తేమా మురికీ తక్కువున్న సీ-2 గాలిలో జింకు ఏటా 0.1 నుంచి 0.7 మైక్రాన్ల దాకా పోతుంది. ఉప్పు ఓ మోస్తరుగా ఉండే సీ-4లో 2.1 నుంచి 4.2 దాకా. సముద్రపు ఉప్పు బాగా తగిలే సీ-5లో 8.4 దాకా.

ఎనిమిది మైక్రాన్ల ప్లేటింగ్ రాడ్డును ఏటా అర మైక్రాను మాత్రమే కరిగే పొడి గదిలో పెడితే పదహారేళ్లు నిలుస్తుంది. అదే రాడ్డును ఏటా నాలుగు మైక్రాన్లు కరిగే సముద్రతీరంలో పెడితే రెండేళ్లు. యాభై మైక్రాన్ల హాట్ డిప్ రాడ్డు అక్కడే పన్నెండేళ్లు ఆగుతుంది. హైదరాబాద్‌లో ఆఫీసు ఫాల్స్ సీలింగ్ పైన ప్లేటింగ్ సామాను వేసినవాళ్లు తప్పు చేశారనలేం. అదే కాంట్రాక్టరు అదే సామానుతో విశాఖ బీచ్ రోడ్డులో పని చేస్తే అది తప్పే.

తీరంలో ఇంకో మెలిక ఉంది. వానలో తడిసే చోటే తుప్పు ఎక్కువని అనుకుంటాం. ఉప్పుగాలి విషయంలో తరచు దానికి తిరగబడి జరుగుతుంది. ఆరుబయట ఉన్న ఇనుము మీది ఉప్పును వాన కడిగేస్తుంది. స్టిల్ట్ పార్కింగులో, బాల్కనీ కింద, సన్‌షేడ్ నీడలో వేలాడే పైపుల మీదికి ఉప్పుగాలి వస్తుంది గానీ వాన రాదు. ఉప్పు పేరుకుంటూ పోతుంది, రాత్రి తేమను పీల్చుకుని తడిగా ఉంటుంది. నీడపట్టున ఉంది కదా అని అక్కడ పల్చటి పూతతో సరిపెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు తీరంలో కట్టుకునేవాళ్లకి వీలైనప్పుడల్లా మంచినీళ్లతో ఆ క్లాంపులు కడిగించడం అన్నిటికంటే చవకైన వైద్యం.

ఊరు పొడిగా ఉన్నా భవనం లోపల కొన్ని చోట్ల గాలి విషమే. మురుగునీటిని శుద్ధిచేసే ఎస్టీపీ గదిలో ఆ నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్, ఈతకొలను పంపుగదిలో క్లోరిన్, ఏసీ చల్లనీటి పైపుల మీద పట్టే చెమట జింకును తొందరగా తినేస్తాయి. చల్లనీటి పైపుకి క్లాంపు నేరుగా తగలకుండా మధ్యలో ఇన్సులేషన్ దిమ్మ ఉండాలి. రాగి పైపును జీఐ క్లాంపుతో పట్టేటప్పుడు రబ్బరు పొర ఉన్న క్లాంపే వాడాలి. లేదంటే తేమ చేరిన రోజు నుంచీ రాగి కోసం జింకు బలవుతుంది.

ఇంకొకటి చాలామందికి తట్టదు. సెల్లారులో మెట్ల కింద బాత్రూములు కడిగే యాసిడ్ డబ్బాలు పెడతారు. మూత సరిగ్గా లేని డబ్బాలోంచి వచ్చే ఆవిరి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరే. కర్మాగారంలో తుప్పు తీయడానికి వాడేది కూడా అదే ఆమ్లం. అది జింకును ఇంకా ఆత్రంగా తింటుంది. ఆ మూలనున్న క్లాంపులు మాత్రమే తెల్లగా పొడిబారి ఉంటే కారణం నెత్తి మీద వెతకడం మాని మెట్ల కింద చూడాలి.

స్టీలు వేస్తే సరిపోతుందా

ఇంత గొడవెందుకు, స్టెయిన్‌లెస్ స్టీలు వేసేద్దాం అనిపిస్తుంది. చాలాచోట్ల అది మంచి నిర్ణయమే. అన్నిచోట్లా కాదు. స్విట్జర్లాండ్‌లో జూరిక్ దగ్గర ఊస్టర్ అనే పట్టణంలో ఇంటిలోపలి ఈతకొలను పైకప్పు కింద బరువైన కాంక్రీటు సీలింగును స్టెయిన్‌లెస్ రాడ్లతో వేలాడదీశారు. 1985 మే 9న ఆ సీలింగు కూలి కొలనులో పడింది. 12 మంది చనిపోయారు. క్లోరిన్ కలిపిన నీటి ఆవిరితో రాడ్ల మీద క్లోరైడ్లు పేరుకున్నాయి. లాగుడు బరువు మీదున్న ఉక్కులో అవి సన్నని పగుళ్లు తెచ్చాయి. మామూలు ఇనుమైతే ఎర్రగా తుప్పు కారి ముందే చెబుతుంది. ఈ రకం పగులు పైకి పెద్దగా కనపడకుండానే లోపలికి పాకుతుంది.

జింకు మందం ఎక్కువైతే చాలు, అంతా క్షేమమని కూడా అనుకోవద్దు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో - ఓక్‌లాండ్ బే బ్రిడ్జి కొత్త భాగంలో 2013 మార్చిలో 96 భారీ యాంకర్ రాడ్లను బిగిస్తే కొద్ది రోజుల్లోనే 32 తెగాయి. అవన్నీ హాట్ డిప్ చేసిన రాడ్లే. అతి దృఢమైన ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడి దాన్ని పెళుసుగా మార్చడమే కారణమని తేలింది. మన పైపులకు వాడే మామూలు ఉక్కు రాడ్డుకి ఈ భయం లేదు. ఎక్కువ బలం ఉంటుందని 10.9, 12.9 తరగతి బోల్టులు కొని వాటికి పూత వేయించేవాళ్లు మాత్రం రెండుసార్లు ఆలోచించాలి.

జపాన్‌లో 2012 డిసెంబరు 2న ససాగో సొరంగం పైకప్పు పలకలు కూలి తొమ్మిది మంది చనిపోయారు. అక్కడ వదిలేసింది కాంక్రీటులో బోల్టును పట్టి ఉంచే జిగురు. నెత్తి మీద వేలాడే ఏ వస్తువైనా యాంకర్, రాడ్డు, నట్టు, క్లాంపు అనే నాలుగింటిలో ఏది బలహీనమో దాని బలమే మొత్తానికి బలం. యాభై మైక్రాన్ల రాడ్డును ఎనిమిది మైక్రాన్ల యాంకర్‌లోకి బిగించడం ఖర్చు చేసి కూడా లాభం పోగొట్టుకోవడమే.

మైలుతుత్తంతో పరీక్ష

పూత రకాన్ని కంటితోనే కొంత పట్టుకోవచ్చు. అద్దంలా నున్నగా, నీలంగానో పసుపుగానో మెరిస్తే ప్లేటింగ్. చిల్లు అంచున రేకు మందం బయటికి కనిపిస్తూ, అక్కడ సన్నని గోధుమరంగు గీత ఉంటే ప్రీ-గాల్వనైజ్డ్. బూడిదరంగుతో, అంచుల దగ్గర జింకు బొట్టుకట్టి, చేత్తో తడిమితే కాస్త గరుకుగా ఉంటే హాట్ డిప్. పెద్ద ఆర్డరైతే పూత మందం కొలిచే చిన్న మీటరు తెప్పించాలి. సైటుల్లో దాన్ని ఎల్కోమీటర్ అంటారు. క్లాంపుకి తాకిస్తే మైక్రాన్లలో అంకె చూపిస్తుంది. ఒక్క చోట కాకుండా నాలుగైదు చోట్ల తాకించి సగటు చూడాలి.

పాత పద్ధతి ఇంకొకటుంది, రైతులకు బాగా తెలిసిన వస్తువుతో. తోటల్లో తెగుళ్లకు వాడే మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, తగిన గాఢతలో కలిపిన ద్రావణంలో ముక్కను నిమిషం పాటు ముంచి, తీసి, కడిగి, తుడిచి, మళ్లీ ముంచుతారు. ప్రతి మునకకీ కొంత జింకు కరుగుతుంది. జింకు ఉన్నంతసేపూ నల్లని మడ్డి మాత్రమే లేస్తుంది, తుడిస్తే పోతుంది. జింకు అయిపోయి ఇనుము తగిలిన చోట మెరిసే ఎర్రని రాగి గట్టిగా అంటుకుంటుంది. తుడిచినా పోదు. ఎన్ని మునకలకు రాగి కనిపించిందో చూసి పూత ఎక్కడ పల్చగా ఉందో చెబుతారు. ఐఎస్ 2633లో ఉన్న ప్రామాణిక పరీక్ష ఇది. రాగి ముందుగా తేలే చోటు చాలాసార్లు మర కొనే.

ఉప్పునీటి పొగలో ఇన్ని గంటలు ఆగిందని కొందరు కాగితం చూపిస్తారు. ఒకే కర్మాగారంలో ఈ నెల సరుకునూ పోయిన నెల సరుకునూ పోల్చుకోవడానికి ఆ పరీక్ష బాగుంటుంది. ఆ గంటలను ఏళ్లలోకి మార్చే సూత్రం లేదు. తడవడం, ఆరడం, కార్బొనేటు పొర కట్టడం ఆ పెట్టెలో జరగవు. కాగితం కంటే మైక్రాన్ల అంకె నయం.

కోసిన కొన దగ్గర

మూడు మీటర్ల రాడ్డును సైటులో కోయక తప్పదు. కోసిన ప్రతి కొనా పచ్చి ఇనుమే. చుట్టూ ఉన్న జింకు పక్కనే ఉన్న కొద్ది మేర మాత్రమే కాయగలదు. కొనను బ్రష్షుతో శుభ్రం చేసి జింకు పాలు ఎక్కువున్న పెయింటు దట్టంగా వేయాలి. బజారులో కోల్డ్ గాల్వనైజింగ్ స్ప్రే అని దొరుకుతుంది. వెండిరంగు అల్యూమినియం పెయింటు చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ అది జింకు చేసే పని చేయదు. డబ్బా మీద జింకు అని ఉందో లేదో చూసి కొనాలి.

జీఐ మీద వెల్డింగు చేయాల్సి వస్తే ముందు ఆ చోటున జింకును గ్రైండరుతో తీసేయాలి. అలా చేయకపోతే తెల్లని జింకు ఆక్సైడు పొగ లేస్తుంది. దాన్ని పీల్చిన వెల్డరుకి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కదా అని తేలిగ్గా తీసుకుంటారు. మూసిన సెల్లారులో ఆ పని చేయించడం మంచిది కాదు. గాలాడే ఏర్పాటు, సరైన మాస్కు ఇవ్వడం చేయించేవాళ్ల బాధ్యత.

ఇప్పటికే వేలాడుతున్నవాటి సంగతి. ఏడాదికొకసారి నిచ్చెన వేసి, టార్చి పట్టుకుని, క్లాంపు కంటే ముందు పైన యాంకర్ దగ్గర రాడ్డును చూడాలి. తెల్లపొడి మాత్రమే ఉంటే గట్టి నారబ్రష్షుతో రుద్ది, తడి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుంటే చాలు. అక్కడక్కడ ఎర్రదనం కనిపిస్తే శుభ్రంగా గీకి జింకు పెయింటు వేయొచ్చు. మర అంచులు అరిగిపోయి రాడ్డు నున్నగా, సన్నగా కనిపిస్తే పెయింటుతో కప్పిపెట్టకూడదు, మార్చేయాలి. మార్చేటప్పుడు పాతదాన్ని ముందు విప్పొద్దు. పక్కన కొత్త యాంకర్, కొత్త రాడ్డు, కొత్త క్లాంపు బిగించి, పైపు బరువు దాని మీదికి వచ్చాకే పాత నట్టు వదులు చేయాలి.